లూప్ మార్పే కదా అని పేరు పెట్టేయొచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ఎంబెడెడ్ కంపెనీలో లినక్స్ డ్రైవర్లు రాస్తాను. ఈ మధ్య మా లీడ్ గారు తన ప్యాచ్‌లన్నీ రివ్యూకి నాకే పంపుతున్నారు. అన్నీ దాదాపు ఒక్క రకమే: లిస్టుల మీద, డివైస్ ట్రీ (బోర్డు మీది హార్డ్‌వేర్ వివరాల చెట్టు) నోడ్ల మీద తిరిగే లూపుల్లో ఐటరేటర్ మాక్రోలు (ఒక్కో అంశాన్నీ వరసగా అందించే రెడీమేడ్ లూపులు) మార్చడం. ‘లూప్ మార్పే కదా, టీ తాగేలోపు చూసేయొచ్చు’ అంటారు. నాకు మాత్రం సగం రోజు పడుతోంది. అంతసేపు చూసినా తప్పేమీ కనపడదు, అయినా ‘రివ్యూడ్-బై’ అని పేరు పెట్టాలంటే టెన్షన్. ఇప్పుడు నా దగ్గరున్న ప్యాచ్‌లో ప్రోబ్ ఫంక్షన్ (డివైస్ దొరకగానే నడిచేది) లోని ఫర్_ఈచ్_చైల్డ్_ఆఫ్_నోడ్ తీసేసి దాని స్కోప్డ్ రూపం పెట్టారు. బోర్డు మీద బాగానే నడుస్తోంది. ఇలాంటివాటిలో అసలు ఏం చూడాలి? పూర్తి నమ్మకం కుదరకుండా పేరు పెడితే తప్పా? ఆయన నాకు పని నేర్పిన మనిషి. తప్పు కనపడితే ఎలా చెప్పాలి?
— డ్రైవర్ ఇంజనీరు, హైదరాబాద్

సమాధానం: సగం రోజు పట్టడంలో వింతేమీ లేదు. అయితే ఆ సగం రోజూ ప్లస్, మైనస్ గుర్తులున్న లైన్లనే మళ్లీ మళ్లీ చదువుతుంటే సాయంత్రం దాకా చూసినా ఏమీ దొరకదు. ఐటరేటర్ మారినప్పుడు వచ్చే తప్పులు ఎక్కువగా లూప్ లోంచి బయటికి వచ్చే దారుల్లో ఉంటాయి. బ్రేక్ ఒక దారి, రిటర్న్ ఒకటి, గోటో ఇంకొకటి, ఏ అడ్డూ లేకుండా చివరిదాకా తిరిగి బయటపడటం నాలుగోది. ఒక్కో దారి దగ్గర ఆగి చూసుకోండి: వేరియబుల్‌లో ఇప్పుడేముంది, చేతిలో ఏ రిఫరెన్స్ (‘దీన్ని వాడుతున్నాం’ అని పెంచిన లెక్క) మిగిలింది, ఏ లాక్ పట్టుకుని ఉన్నాం. లూప్ లోపలి పనిని రాసినాయన ఎలాగూ బోర్డు మీద నడిపి చూసి ఉంటారు. ఎర్రర్ దారుల్ని మాత్రం ఎవరూ నడిపి చూడరు.

అందుకే ముందు ప్యాచ్‌ని మెయిల్లోనే చదివేసే అలవాటు మానండి. గిట్ మామూలుగా మార్పుకి పైన మూడు లైన్లు, కింద మూడు లైన్లు మాత్రమే చూపిస్తుంది. లూప్ అరవై లైన్లుంటే దాని రిటర్న్‌లు ఆ ముక్కలో కనపడవు. ప్యాచ్‌ని మీ ట్రీలో అప్లై చేసి, గిట్ షో కమాండ్‌కి పెద్ద డబ్ల్యూ ఆప్షన్ ఇవ్వండి, ఫంక్షన్ మొత్తం వస్తుంది. ఆ తర్వాత పాత మాక్రో, కొత్త మాక్రో రెండింటి నిర్వచనాలూ పక్కపక్కన తెరిచి పెట్టుకోండి. పేరు చూసి ఊహిస్తే కెర్నల్‌లో బోల్తా పడటం ఖాయం. ఒకే పోలికలో పేర్లున్న రెండు మాక్రోలు ముగిసే తీరు పూర్తిగా వేరుగా ఉండొచ్చు.

లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీనే తీసుకోండి. కెర్నల్ లిస్టు గుండ్రంగా ఉంటుంది. గుడిలో ప్రదక్షిణ ధ్వజస్తంభం దగ్గర మొదలుపెట్టి, దారిలో ఉపాలయాలన్నీ దాటుకుంటూ మళ్లీ ధ్వజస్తంభం దగ్గరికే వస్తాం కదా, ఇక్కడ లిస్ట్ హెడ్ ఆ స్తంభం. ఎంట్రీలన్నీ ఒక స్ట్రక్చర్‌లో భాగాలు, హెడ్ మాత్రం ఒట్టి లిస్ట్_హెడ్. లూప్ ఎక్కడా బ్రేక్ కాకుండా పూర్తయితే వేరియబుల్ నల్ అవదు. హెడ్ అడ్రస్ లోంచి మెంబర్ ఆఫ్‌సెట్ తీసేయగా వచ్చే అడ్రస్ అందులో మిగులుతుంది. స్ట్రక్చర్‌లో లిస్ట్ మెంబర్ 16వ బైట్ దగ్గర ఉందనుకోండి, హెడ్‌కి 16 బైట్ల ముందున్న చోటుని మీ కోడ్ ఒక ఎంట్రీ అనుకుంటుంది. అక్కడ ఉన్నది వేరే ఏదో ఫీల్డు. చదివితే ఏదో ఒక అంకె వస్తుంది, రాస్తే పక్కవాళ్ల డేటా పాడవుతుంది. క్రాష్ అయితే బాగుండేది, ఆ రోజే దొరికేది.

కాబట్టి ఆ లూప్ తర్వాత ‘పాయింటర్ నల్ అయితే దొరకలేదు’ అనే చెక్ ఉంటే అది ఎప్పటికీ పనిచేయదు. హాష్ టేబుళ్లలో వాడే హెచ్‌లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ పూర్తయితే మాత్రం నిజంగానే నల్ మిగులుతుంది. ఐడీఆర్_ఫర్_ఈచ్_ఎంట్రీ కూడా అంతే. అందుకే హాష్ టేబుల్ నుంచి మామూలు లిస్టుకి మార్చే ప్యాచ్ వస్తే నేను లూప్ కంటే ముందు లూప్ కింద ఉన్న ఇఫ్‌ని చూస్తాను. మార్చినవాళ్లు దాన్ని ముట్టుకోరు, డిఫ్‌లో రాదు, కంపైలర్ నోరెత్తదు.

ఈ విషయం మీద పెద్ద చర్చే జరిగింది. 2022 మొదట్లో, ప్రాసెసర్ ముందే ఊహించి నడిపేసే పనుల వల్ల లిస్ట్ లూపుల్లో డేటా లీకయ్యే అవకాశం ఉందంటూ ఒక పరిశోధక విద్యార్థి కొన్ని ప్యాచ్‌లు పంపారు. యూఎస్‌బీ కోడ్‌లో లూప్ అయిపోయాక కూడా ఐటరేటర్‌ని వాడుతున్న చోట్లు సరిచేసే ప్యాచ్ వాటిలో ఒకటి. దాన్ని చూసిన లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అసలు జబ్బు వేరే చోట ఉందన్నారు. కెర్నల్ అప్పటిదాకా సీ89 ప్రమాణం మీదే నడుస్తోంది, అందులో లూప్ వేరియబుల్‌ని లూప్ బయటే డిక్లేర్ చేయాలి. బయట కనిపిస్తుంటే బయట వాడేస్తారు. ఆ చర్చ తర్వాతే 5.18 నుంచి కెర్నల్ గ్నూ11కి, అంటే లూప్‌లోనే వేరియబుల్ డిక్లేర్ చేయనిచ్చే కొత్త సీ ప్రమాణానికి, మారింది. అయినా లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీకి ఇచ్చే వేరియబుల్ మాత్రం ఇంకా బయటే డిక్లేర్ అవుతోంది, కాబట్టి కాపలా రివ్యూ చేసేవాళ్లదే. వెతికే లూప్ అయితే ‘ఫౌండ్’ లాంటి వేరే పాయింటర్ పెట్టి, దాన్ని మొదట నల్ చేసి, బ్రేక్‌కి ముందు అందులో వేసుకోమని అడగండి. రెండు లైన్లు పెరుగుతాయి, పెరగనివ్వండి.

ఇక ‘సేఫ్’ తోక ఉన్న మాక్రోలు. వాటికి ఆ పేరు పెట్టడం వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ_సేఫ్ చేసేది ఒక్కటే: తర్వాతి ఎంట్రీని ముందే ఇంకో వేరియబుల్‌లో దాచుకుంటుంది, దాంతో లూప్ లోపల మనం ఇప్పటి ఎంట్రీని తీసేసినా ముందుకు వెళ్లగలం. వేరే సీపీయూ మీద నడిచే కోడ్ నుంచి అది ఏ రక్షణా ఇవ్వదు. లూప్ మధ్యలో స్పిన్‌లాక్ వదిలి, కాల్‌బ్యాక్ పిలిచి, మళ్లీ లాక్ తీసుకునే కోడ్ చూశారనుకోండి. లాక్ వదిలిన ఆ కాస్త సమయంలో ఇంకెవరో దాచుకున్న ఆ తర్వాతి ఎంట్రీని లిస్టులోంచి తీసి ఫ్రీ చేయొచ్చు. మనం తిరిగి వచ్చి అడుగు వేసేది దాని మీదే. తీసేశారు కానీ ఇంకా ఫ్రీ చేయలేదంటే అదృష్టం. లిస్ట్_డెల్ తీసేసిన నోడ్ పాయింటర్లలో విషపు విలువలు పెడుతుంది, కాబట్టి 64 బిట్ల ఎక్స్86 మీద డెడ్ అనే హెక్స్ అక్షరాలతో మొదలై 100తోనో 122తోనో ముగిసే అడ్రస్‌తో ఊప్స్ (కెర్నల్ ఇచ్చే తప్పు నివేదిక) వస్తుంది. లాగ్‌లో అలాంటి అడ్రస్ కనపడితే, లిస్టులోంచి తీసేసిన నోడ్ మీద ఎవరో ఇంకా నడుస్తున్నారని అర్థం.

‘యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (ఫ్రీ చేసిన మెమరీని వాడటం) వస్తోంది, సేఫ్ రూపానికి మార్చాను’ అని కమిట్ మెసేజ్ ఉంటే నేను అడిగేది ఒకటే: ఫ్రీ చేసేది ఎవరు? ఈ లూపే అయితే మార్పు సరైనది. వేరే థ్రెడ్ అయితే ఈ ప్యాచ్ తప్పు జరిగే అవకాశాన్ని కాస్త తగ్గించి టెస్టుల్లో దొరక్కుండా చేస్తుంది, అంతకంటే ఏమీ లేదు. అలాంటి చోట లాక్ కింద లిస్టు మొత్తాన్ని లిస్ట్_స్ప్లైస్_ఇనిట్‌తో లోకల్ హెడ్‌కి మార్చుకుని, లాక్ వదిలాక తీరిగ్గా ఒక్కొక్కటీ చూసుకోవడం బాగుంటుంది. లేదంటే లిస్టు ఖాళీ అయ్యేవరకు ప్రతిసారీ మొదటి ఎంట్రీని తీసుకునే వైల్ లూప్.

ఇప్పుడు మీ ప్యాచ్ సంగతి. ఫర్_ఈచ్_చైల్డ్_ఆఫ్_నోడ్ అడుగడుగునా కొత్త చైల్డ్ మీద రిఫరెన్స్ తీసుకుని పాతదాన్ని వదులుతుంది. చివరిదాకా తిరిగితే లెక్క సరిపోతుంది. మధ్యలో బ్రేక్ చేసినా రిటర్న్ అయినా ఆ చైల్డ్ రిఫరెన్స్ మన దగ్గర ఉండిపోతుంది, ఆఫ్_నోడ్_పుట్ మనమే పిలవాలి. ఇది మరచిపోయిన డ్రైవర్లు కోకొల్లలు. 2023లో 6.5 కెర్నల్‌కి క్లీనప్ హెడర్ వచ్చింది. వేరియబుల్ స్కోప్ ముగియగానే కంపైలరే విడుదల ఫంక్షన్‌ని పిలిచేలా చేసే ఏర్పాటు అది. దాని ఆధారంగా 2024లో డివైస్ ట్రీ లూపులకి స్కోప్డ్ రూపాలు వచ్చాయి. వాటిలో లూప్ నుంచి ఎలా బయటపడినా చైల్డ్ రిఫరెన్స్ దానంతట అదే విడుదలవుతుంది. మంచి మాక్రోనే, నాకు ఇష్టం కూడా. కానీ పాత లూప్‌ని దీనికి మార్చేటప్పుడు తప్పులు దూరే చోట్లు మూడు ఉన్నాయి.

మొదటిది, పాత ఎర్రర్ దారిలోని ఆఫ్_నోడ్_పుట్ అలాగే మిగిలిపోవడం. పాత కోడ్‌లో ‘రెట్ సున్నా కాకపోతే చైల్డ్‌ని పుట్ చేసి రిటర్న్’ అని ఉంటుంది. మాక్రో మార్చి ఆ పుట్ తీసేయకపోతే ఒకే రిఫరెన్స్‌ని రెండుసార్లు వదిలినట్టు. రెండు మూడు ఎర్రర్ దారులుంటే ఒకదాంట్లో తీసేసి ఇంకోదాంట్లో మరచిపోవడం మామూలే. లూప్ లోపల పుట్ అని వెతికి, దొరికిన ప్రతిదాని దగ్గరా ఇది ఎవరి రిఫరెన్స్ అని అడగండి.

రెండోది మరీ మోసకారి. లూప్‌లో కావలసిన చైల్డ్ దొరకగానే దాన్ని ప్రైవేట్ స్ట్రక్చర్‌లో దాచుకుని బ్రేక్ చేసే కోడ్ ఉంటుంది. పాత మాక్రోలో అది సరైనదే: బ్రేక్ చేసినప్పుడు చేతిలో మిగిలిన రిఫరెన్సే ఆ దాచుకున్న పాయింటర్‌ని కాపాడుతుంది, డివైస్‌ని తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో పుట్ చేస్తారు. స్కోప్డ్‌కి మార్చిన మరుక్షణం బ్రేక్ దగ్గరే ఆ రిఫరెన్స్ పోతుంది. దాచుకున్నది పేరుకే పాయింటర్, పైగా రిమూవ్‌లో మళ్లీ ఒక పుట్ జరుగుతుంది. దాచుకునే చోట ఆఫ్_నోడ్_గెట్ పిలిచి తీసుకుంటేనే లెక్క కుదురుతుంది. దీన్ని పట్టుకోవాలంటే లూప్ చదివితే సరిపోదు, రిమూవ్ ఫంక్షన్ తెరవాలి.

మూడోది, స్కోప్డ్ మాక్రో చైల్డ్ వేరియబుల్‌ని తనే డిక్లేర్ చేసుకుంటుంది. ఫంక్షన్ మొదట్లో ఉన్న పాత డిక్లరేషన్ తీసేయకపోతే ఒకే పేరుతో రెండు వేరియబుల్స్. లూప్ తర్వాత ఎవరైనా చైల్డ్‌ని వాడితే అది బయటిది, దానిలో లూప్ ఏమీ వేయలేదు. ఇలా ఒక పేరు ఇంకో పేరుని కప్పేయడం గురించి హెచ్చరించే ఆప్షన్ మామూలు బిల్డ్‌లో ఆన్ అయి ఉండదు, మేక్ కమాండ్‌కి డబ్ల్యూ=2 ఇవ్వాలి.

బోర్డు మీద బాగానే నడుస్తోందన్నారు కదా, దాన్ని ఈ విషయంలో సాక్ష్యంగా తీసుకోకండి. కాన్ఫిగ్_ఓఎఫ్_డైనమిక్ ఆన్ చేయని కెర్నల్‌లో ఆఫ్_నోడ్_గెట్, ఆఫ్_నోడ్_పుట్ రెండూ ఖాళీ ఫంక్షన్లే. రిఫరెన్స్ ఎక్కువైనా తక్కువైనా అక్కడ ఏమీ జరగదు. ఎవరో ఓవర్‌లేలు (నడుస్తుండగానే డివైస్ ట్రీని మార్చే ముక్కలు) వాడే బోర్డు మీద అదే డ్రైవర్ ఎక్కించినప్పుడు బయటపడుతుంది. టెస్ట్ చేసేటప్పుడు ఆ కాన్ఫిగ్ ఆన్ చేసి, ప్రోబ్ మధ్యలో కావాలని ఎర్రర్ తిరిగిచ్చేలా ఒక లైన్ పెట్టి చూడమనండి. పీసీఐ వైపు ఫర్_ఈచ్_పీసీఐ_డెవ్‌ది, ఫర్మ్‌వేర్ నోడ్ల మీద తిరిగే డివైస్_ఫర్_ఈచ్_చైల్డ్_నోడ్‌ది కూడా ఇదే స్వభావం, మధ్యలో బయటపడితే వదలాల్సింది మనమే.

ఆర్‌సీయూ (చదివేవాళ్లు లాక్ కోసం ఆగకుండా చదువుకునే పద్ధతి) లూపుల గురించి ఎక్కువ చెప్పను. రెండే చూడండి: రీడ్ అన్‌లాక్ తర్వాత ఎంట్రీ పాయింటర్‌ని ఎవరైనా వాడుతున్నారా, కొత్తగా లూప్‌లో చేర్చిన పని నిద్రపోయే రకమా. లూప్ బాడీలో జీఎఫ్‌పీ_కెర్నల్ అలొకేషన్ (మెమరీ కోసం నిద్రపోగలిగేది) చేర్చిన ప్యాచ్ చూడటానికి ఎంతో అమాయకంగా ఉంటుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఫంక్షన్ మొత్తం చదివితే దొరికే తప్పులు. ఫంక్షన్ ఎంత చదివినా దొరకనివి ఐటరేటర్ మోసుకెళ్లే డేటాలో ఉంటాయి. దానికి డర్టీ పైప్‌ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. సీవీఈ-2022-0847 అని నమోదైన ఆ లోపం ఐఓవీ_ఐటర్‌లో ఉంది. రీడ్, రైట్ పనుల్లో బఫర్ల మీద నడిచే ఐటరేటర్ అది. 2016లో 4.9 కెర్నల్ కోసం దానికి పైపుల (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా పంపే గొట్టాలు) మీద నడిచే రకాన్ని చేర్చారు. అందులో రెండు ఫంక్షన్లు పైప్ బఫర్‌ని కొత్తగా నింపుతూ దాని ఫ్లాగ్స్ అనే ఫీల్డుని మాత్రం వదిలేశాయి. పైప్ అనేది రింగు కాబట్టి ఆ గదిలో అంతకుముందు వాడినప్పటి ఫ్లాగ్స్ అలాగే ఉండిపోతాయి. అప్పట్లో ఆ ఫ్లాగ్స్‌లో ప్రమాదకరమైనది ఏదీ లేదు, కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

2020లో 5.8 వచ్చింది. ‘ఈ బఫర్‌కి తర్వాతి రైట్‌ని కలిపేయొచ్చు’ అన్న సమాచారాన్ని అప్పటిదాకా వేరే పద్ధతిలో గుర్తుపెట్టుకునేవారు, దాన్ని ఒక ఫ్లాగ్‌గా మార్చారు. కోడ్ చక్కగా చిన్నదైంది. కానీ 2016 నాటి ఖాళీ ఇంకా అక్కడే ఉంది. పైపుని నింపి ఖాళీ చేస్తే ప్రతి గదిలో ఆ ఫ్లాగ్ మిగిలిపోతుంది. ఆ తర్వాత చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు లోంచి ఒక బైట్‌ని స్ప్లైస్‌తో పైపులోకి తెస్తే ఆ గది నేరుగా పేజ్ క్యాష్‌ని (మెమరీలో ఉన్న ఆ ఫైలు కాపీని) చూపిస్తుంది, పాత ఫ్లాగ్ ఇంకా తగిలించుకునే. ఇప్పుడు పైపులోకి మామూలు యూజర్ ఏది రాసినా ఆ ఫైలు పేజీలో పడుతుంది. రూట్ కావడానికి ఇంకేం కావాలి?

దీన్ని కనిపెట్టిన మాక్స్ కెల్లర్‌మన్ మొదలుపెట్టింది పాడైన లాగ్ ఫైళ్ల ఫిర్యాదుతో. జీజిప్ చేసిన లాగ్‌ల చివర ఉండాల్సిన ఎనిమిది బైట్ల స్థానంలో జిప్ ఫైలు హెడర్ ముక్క కనిపించేది. దాన్ని వెంటాడుతూ పోతే కెర్నల్ తేలింది. 2022 మార్చి 7న వివరాలు బయటపెట్టారు, అప్పటికే 5.16.11, 5.15.25, 5.10.102లో సవరణ వచ్చేసింది. సవరణ ఏమిటంటే రెండు ఫంక్షన్లలో ఫ్లాగ్స్‌ని సున్నా చేసే ఒక్కో లైను.

2016 ప్యాచ్ రివ్యూ చేసినవాళ్లని గానీ 2020 ప్యాచ్ రివ్యూ చేసినవాళ్లని గానీ నిందించడం సులభం, కానీ విడివిడిగా చూస్తే రెండూ పనిచేసే కోడే. రివ్యూలో అడగదగ్గ ప్రశ్న మాత్రం ఒకటుంది. ఒక స్ట్రక్చర్‌లోని ఫీల్డుకి కొత్త అర్థం వచ్చినప్పుడు, ఆ స్ట్రక్చర్‌ని నింపే చోట్లన్నీ ఏవి? గిట్ గ్రెప్ కొడితే జాబితా వస్తుంది. ఆ చోట్లలో ప్యాచ్ ముట్టుకోనివే మీరు చదవాల్సినవి. అలాగే స్ట్రక్చర్‌ని కొత్తగా నింపే కోడ్ చూస్తే ప్రతి ఫీల్డుకీ విలువ వేశారా అని చూడండి, ఇప్పుడు దానితో పని ఉన్నా లేకపోయినా. ఐఓవీ_ఐటర్‌తోనే ఇంకో మాట: కాపీ సగంలో ఆగితే ఐటరేటర్ అంతవరకు ముందుకు జరిగి ఉంటుంది. ఎర్రర్ వచ్చి మళ్లీ మొదటినుంచి ప్రయత్నించే కోడ్ ఉంటే, దాన్ని వెనక్కి జరిపే ఐఓవీ_ఐటర్_రివర్ట్ ఎక్కడుందో చూపించమనండి.

ప్రాక్ ఫైళ్ల (కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లలా చూపించేవి) వైపు సీక్వెన్స్ ఫైలు ఐటరేటర్ ఉంది, దానిదీ ఒక ముచ్చట. అందులో నెక్స్ట్ ఫంక్షన్ చివరికి వచ్చి నల్ ఇచ్చేటప్పుడు కూడా పొజిషన్‌ని ఒకటి పెంచాలి. పెంచకపోతే క్యాట్ కమాండ్‌తో అంతా బాగానే కనపడుతుంది. డీడీ కమాండ్‌తో చివరి లైను మధ్యలోకి దూకి చదివితే ఆ చివరి లైను రెండోసారి వస్తుంది. 2020లో ఈ ఒక్క కారణానికే కెర్నల్‌లో చాలా చోట్ల నెక్స్ట్ ఫంక్షన్లు సరిచేశారు. అలాంటి ప్యాచ్ మీ దగ్గరికి వస్తే క్యాట్ అవుట్‌పుట్ చూపించి టెస్ట్ చేశామంటే ఒప్పుకోకండి.

పనిముట్లు ఉన్నాయి, వాడండి. కెర్నల్ ట్రీలోనే కాక్సినెల్ (సీ కోడ్‌లో తప్పుల నమూనాలు వెతికే పనిముట్టు) స్క్రిప్టుల కింద ఐటరేటర్ల కోసం ఒక ప్రత్యేక డైరెక్టరీ ఉంది. లూప్ తర్వాత ఐటరేటర్ వాడటం, లిస్ట్ ఐటరేటర్‌ని నల్‌తో పోల్చడం, కంటిన్యూకి ముందు అనవసరంగా పుట్ చేయడం లాంటివి అది పట్టుకుంటుంది. మేక్ కాక్సిచెక్‌ని మీ డ్రైవర్ డైరెక్టరీ మీద నడపడం నిజంగానే టీ తాగేలోపు అయ్యే పని. టెస్ట్ కెర్నల్‌లో మెమరీ, లిస్టు, లాక్ తప్పుల్ని వరసగా పట్టే కాసాన్, డీబగ్ లిస్ట్, లాక్‌డెప్ ఆన్ చేసి పెట్టుకోండి. అయితే రిమూవ్ ఫంక్షన్‌లో జరిగే రెండో పుట్ లాంటివి ఆ స్క్రిప్టులకి అందవు.

పేరు పెట్టడం గురించి. రివ్యూడ్-బై అంటే ఏమిటో కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ప్యాచ్‌ని సాంకేతికంగా పరిశీలించాను, కనిపించిన ఇబ్బందులు రాసినవారికి చెప్పాను, వారి జవాబుతో తృప్తి పడ్డాను, చేర్చకూడదనేంత తప్పు నాకు తెలిసి ఇందులో లేదు అని దాని సారాంశం. చెప్పిన పని చెప్పినట్టు జరుగుతుందని హామీ ఇవ్వడం లేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి పూర్తి నమ్మకం కుదిరితేనే పెట్టాలన్న షరతు మీకు మీరు పెట్టుకున్నదే. మీరు చూసుకోవాల్సింది బయటి దారులన్నీ ఒక్కొక్కటిగా నడిచి చూశానా, అడగాల్సినవి అడిగానా అని. అడగాల్సింది మిగిలి ఉంటే పెట్టకండి. లాకింగ్ మాత్రమే చూశాను, హార్డ్‌వేర్ భాగం నాకు తెలియదు అని పేరు పక్కన రాయడంలో నామోషీ ఏమీ లేదు, మెయింటైనర్‌కి అది ఒట్టి పేరు కంటే ఎక్కువ ఉపయోగం. ముప్పై ఫైళ్లలో ఒకే మార్పు ఉన్న ప్యాచ్ వస్తే విడగొట్టి పంపమని అడగండి. ఇరవయ్యో ఫైలు దగ్గరికి వచ్చేసరికి ఎవరి కళ్లయినా ఒకే ఆకారాన్ని చూస్తాయి తప్ప కోడ్‌ని చూడవు.

మీ లీడ్ గారి విషయంలో మీరు అనవసరంగా మథనపడుతున్నారేమో. తన ప్యాచ్‌లు పని నేర్చిన మనిషికే పంపుతున్నారంటే, ఆ మనిషి ఏదో ఒకటి పట్టుకుంటాడనే కదా. ‘ఇది తప్పు సార్’ అనడానికి ఇబ్బందిగా ఉంటే దారి పేరు చెప్పి అడగండి. ‘సార్, క్లాక్ దొరకని రిటర్న్ దగ్గర చైల్డ్‌ని పుట్ చేస్తున్నాం. స్కోప్డ్‌లో అది రెండోసారి అవుతుందా?’ అంటే చాలు. ఆ లైను చూడగానే ఆయనకే తెలిసిపోతుంది. అయితే తెలిసిన సంగతిని తెలియనట్టు నటిస్తూ అడగొద్దు. రెండు మూడు మెయిళ్లు అటూ ఇటూ తిరిగాక అది బయటపడితే, నేరుగా చెప్పి ఉంటే వచ్చే ఇబ్బంది కంటే ఎక్కువవుతుంది. పక్క సీట్లో ఉన్నా సరే, నోటితో చెప్పి ఊరుకోకుండా రివ్యూలో రాయండి. ఆరు నెలల తర్వాత ఆ లైను ఎందుకు అలా ఉందో వెతికేవాళ్లకి అక్కడే దొరకాలి.

చైల్డ్‌ని దాచుకునే చోటు గురించి అడిగినప్పుడు ‘ఇది నేను మార్చింది కాదు, ముందు నుంచీ అలాగే ఉంది’ అనే జవాబు రావచ్చు. చాలాసార్లు అది నిజమే, పాత కోడ్‌లోనే లీక్ ఉంటుంది. అప్పుడు సిరీస్‌ని రెండుగా చేయమనండి. పాత మాక్రో మీదే తప్పు సరిచేసే చిన్న ప్యాచ్ ముందు, దానికి ఫిక్సెస్ ట్యాగ్ (తప్పు తెచ్చిన పాత కమిట్ ఏదో చెప్పే లైను) పెట్టి. స్కోప్డ్‌కి మార్చే ప్యాచ్ దాని వెనకాల. పాత స్టేబుల్ కెర్నల్‌లో ఆ స్కోప్డ్ మాక్రో లేకపోవచ్చు, కానీ మొదటి ప్యాచ్ అక్కడికి ఏ ఇబ్బందీ లేకుండా వెళ్తుంది.